బొడ్డు కింద గీత

మనిషి పొట్ట మీద, బొడ్డుకి రెండు వేళ్ళ కింద, ఎడమ పక్కన, గోరు గుచ్చినంత వంకర గీత ఏదీ ఉండదు. కావాలంటే అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. నేను మాత్రం మూడేళ్ళ పాటు నేను గీసిన ప్రతి మగవాడి పొట్టకీ ఆ గీత పెట్టాను. పెట్టమని చెప్పింది మా డ్రాయింగ్ మాస్టారు. ఆయన పొరపాటున చెప్పి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. నాకు కోపం ఎక్కువే కానీ, పొరపాట్ల మీద కూడా కోపం నిలుపుకునేంత తీరిక లేదు.

మాది గుడివాడ. నాన్నకి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఉండేది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, బందర్లో ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఆదివారాలు పాఠాలు చెప్తారని తెలిసింది. ప్రాణం తీసి మరీ నాన్నని ఒప్పించాను. నాకు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు కావాలి. ఆ వయసులో నాకు ఇంకో కోరిక ఉన్నట్టు గుర్తు లేదు. నాన్న ఒకే మాట అన్నాడు. "ఇంటరయ్యాక ఒక్క ఏడాది చూస్తా. సీటొస్తే నీ దారి. రాకపోతే నేను చెప్పిన డిగ్రీ."

అమ్మ అయితే మొదటి నెలంతా ఎకసెక్కాలే. "మగాళ్ళ పొట్టలు గీయటానికి బందరు దాకా వెళ్ళాలా? మనింట్లో లేదేవిటి, బానంత పొట్ట?" అని నాన్న వైపు చూపించేది. నాన్న చదువుతున్న పేపరుని కాస్త కిందకి జరిపి పొట్ట కప్పుకునేవాడు.

క్లాసు ఒక రోల్డ్ గోల్డ్ షాపు మేడ మీద జరిగేది. పదిమందిమి ఉండేవాళ్ళం. మాస్టారిది పెడన. తరతరాలుగా కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కే ఇల్లు. ఆయన ఒక్కరే ఉలి వదిలేసి పెన్సిల్ పట్టుకున్నారు. చాలా బాగా నేర్పేవారు. ఇప్పుడు కూడా ఆ మాట అనక తప్పదు, అదే నా బాధ. నేర్పడం చేతకాని మనిషైతే ఆయన చెప్పింది ఏదీ నమ్మేదాన్ని కాదు.

సినిమా పోస్టర్ల పుణ్యమా అని మేమంతా పొట్ట అనగానే ఆరు ఇటుకలు పేర్చేవాళ్ళం. మాస్టారు చూసి, "గోడ కట్టావా, మనిషిని గీశావా?" అనేవారు. పొట్టని ముందు చూడకూడదని చెప్పేవారు. పైన పక్కటెముకల గూడు గీయాలి, కింద నడుం ఎముక గిన్నె గీయాలి, ఆ రెండిటినీ కలుపుతూ నవారు బిగించినట్టు నిలువు కండ ఉంటుంది. మనిషి వెనక్కి వాలితే నవారు బిగుస్తుంది, ముందుకి వంగితే సడలి ముడత పడుతుంది. నిలువు కండ మీద అడ్డంగా మూడు నొక్కులు. పైది పక్కటెముకల అంచున, మధ్యది సగంలో, చివరిది బొడ్డు దగ్గర. ఆ కింద ఇంక నొక్కులుండవు, నున్నగా దిగిపోతుంది. పక్క కండలు పక్కటెముకల మీదికి వేళ్ళు పెట్టి పట్టుకున్నట్టు పాకుతాయి. ఇదంతా ఆయన చెప్పిందే, ఇదంతా నిజమే.

మాకు మోడల్‌గా నిలబడే ఆయన దివిసీమ నుంచి వచ్చి బందర్లో బియ్యం గోడౌన్ దగ్గర లోడింగ్ పని చేసేవాడు. అందరం మావయ్య అనేవాళ్ళం. చొక్కా విప్పి, లుంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, కిటికీ పక్కన గంటసేపు కదలకుండా నిలబడేవాడు. నేను మొదటి రెండు ఆదివారాలు తలెత్తలేక ఆయన పాదాలే గీశాను. మాస్టారు నా కాగితం చూసి, "పాదపూజ అయిందా? ఇంక పైకి రా," అన్నారు. గది మొత్తం నవ్వింది. మావయ్య కూడా నవ్వాడు, నవ్వినప్పుడు ఆయన పొట్ట కదిలింది. అప్పుడు చూశాను మొదటిసారి.

ఒకసారి చూడటం మొదలెట్టాక సిగ్గు ఎటు పోయిందో పోయింది. కొన్ని వారాలకి ఒక సంగతి గమనించాను. మావయ్య పొట్ట రెండు పక్కలా ఒకేలా లేదు. కుడి పక్క కండ మందంగా, ఎడమది పలచగా ఉంది. నేను అలాగే గీశాను. మాస్టారు వచ్చి నా వెనకాల చాలాసేపు నిలబడ్డారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. కనపడింది."

ఆయన మావయ్యని బస్తా ఏ భుజం మీద మోస్తావని అడిగారు. ఎప్పుడూ ఒకే భుజం అని మావయ్య చెప్పాడు. మాస్టారు నా కాగితం పైకెత్తి అందరికీ చూపించారు. ఆ రోజు గుడివాడ బస్సులో సీటు దొరకలేదు. కవుతరం దాకా నిలబడే వచ్చాను, కాళ్ళు నొప్పెట్టిన సంగతి కూడా తెలియలేదు. నాకు కన్ను ఉందని నాకు తెలిసిన రోజు అది.

తర్వాతి ఆదివారం మాస్టారు నా చేతిలో పెన్సిల్ తీసుకుని, బొడ్డు కింద ఎడమ పక్కన చిన్న వంకర గీత పెట్టారు.

"ఇదొకటి పెడతా ఉండు ఎప్పుడూ."

"ఏవిటండీ ఇది?"

"ఇదుంటేనే పొట్టకి ఊపిరొస్తది."

లేచి వెళ్ళి మావయ్యకి మూరెడు దూరంలో నిలబడి చూశాను. అక్కడ నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు.

"మావయ్యకి లేదండీ, మాస్టారూ."

"ఉంది. నీ కంటికి ఇంకా ఆనట్లేదు. కన్ను ముదిరితే కనపడుద్ది. అప్పటిదాకా నేను చెప్పానని పెట్టు."

పెట్టాను. వారం ముందు నా కన్నుని మెచ్చుకున్న మనిషి చెప్పాక పెట్టకుండా ఎలా ఉంటాను?

ఇంటర్ రెండో సంవత్సరంలో మమ్మల్ని ముగ్గుర్ని పాలకాయతిప్ప సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు. పొద్దున్నే తొమ్మిదిమంది ఒక పడవని ఇసక మీదికి లాగుతున్నారు. బలం పెట్టినప్పుడు పొట్ట ఎలా బిగుస్తుందో చూడమన్నారు మాస్టారు. నేను చూసింది వేరు. తొమ్మిది పొట్టలూ ఒక్కొక్కటిగా వెతికాను. ఒకాయనకి ఆపరేషన్ మచ్చ ఉంది. ఒకాయనకి మొలతాడు కింద ఎండ తగలని చోట తెల్లటి చార ఉంది. ఒక ముసలాయన పొట్ట లోపలికి పోయి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. ఆ గీత మాత్రం ఎవరికీ లేదు. మాస్టారిని మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. అందరికీ కనపడేది నాకు కనపడట్లేదని, నా కన్ను మొద్దు కన్నని అనుకున్నాను. ఇసకలో కూర్చుని తొమ్మిదిమందికీ తొమ్మిది గీతలు పెట్టాను. సముద్రం గాలికి కాగితాలు ఎగరకుండా మోకాలితో తొక్కిపట్టి మరీ పెట్టాను.

మా జిల్లాలో ఏటా చిత్రలేఖనం పోటీలు జరిగేవి. విషయం ఏదో ఒక పేరుతో కష్టజీవే. రైతో, కూలీయో, జాలరో, ఎవరైనా చొక్కా లేని మనిషే. కాగితం మీద పేరు కనపడకుండా మూసేసి వెనక నంబరు వేసేవారు. ముగ్గురు జడ్జీల్లో మా మాస్టారు ఒకరు. పేర్లు మూసేస్తారు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. వరసగా మూడేళ్ళు నాకే ఫస్టు వచ్చింది. నాన్న ఆ మూడు కప్పుల్నీ షాపులో జిరాక్స్ మెషీను పైన అరలో పెట్టాడు. ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళు కూడా నా చరిత్ర విని గానీ వెళ్ళడానికి లేదు.

ఇంటర్ అయ్యాక నాన్న ఇచ్చిన ఆ ఒక్క ఏడాదీ రోజుకి ఎనిమిది గంటలు గీశాను. పరీక్ష వేరే ఊళ్ళో. మొదటి రోజు ఒక ముసలాయన్ని చొక్కా లేకుండా హాల్లో స్టూలు మీద కూర్చోబెట్టి గీయమన్నారు. రెండో రోజు ఇంటర్వ్యూ. నేను తీసుకెళ్ళిన ఇరవై బొమ్మల్నీ, ముందు రోజు గీసినదాన్నీ బల్ల మీద పరిచారు. ఎదురుగా ఉన్న మేడమ్ ఒక్కొక్కటే చూసి అడిగారు.

"ఈయనెవరమ్మా?"

"బందర్లో లోడింగ్ పని చేస్తారండీ."

"వీళ్ళు?"

"పాలకాయతిప్పలో పడవ లాగుతున్నవాళ్ళండీ."

"నిన్న మా హాల్లో కూర్చున్న తాతగారికి, బందరు ఆయనకి, పడవ లాగేవాళ్ళకి, అందరికీ ఒకేచోట ఒకే గీత ఎలా వచ్చిందమ్మా?"

"అక్కడ ఉంటుందండీ."

"మీరు చూశారా?"

చూశానంటే అబద్ధం. చూడలేదంటే, ఇరవై బొమ్మలూ ఆవిడ ముందే ఉన్నాయి. "మా మాస్టారు చెప్పారండీ," అన్నాను.

ఆవిడ కాగితాలన్నీ దగ్గరికి చేర్చి, అంచులు సరిచేసి నా చేతికిచ్చారు. "గీయడం మేం నేర్పగలం. చూడటం ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. మీరు చూడకుండా గీస్తున్నారమ్మా." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

లిస్టులో నా నంబరు లేదు. నాన్న తిట్టలేదు. డిగ్రీ అప్లికేషను తెచ్చి టీవీ పక్కన పెట్టి షాపుకి వెళ్ళిపోయాడు. అప్పటికీ నాకు మాస్టారి మీద అనుమానం రాలేదు. ఆ మేడమ్‌కే కన్ను ముదరలేదేమో అని కూడా ఒక పూట అనుకున్నాను, చూడండి నా తెలివి.

రెండు నెలలకి పెడన వెళ్ళాను. అక్కడ మా పిన్ని వాళ్ళది కలంకారీ అద్దకం. అచ్చు ఒకటి అంచు విరిగితే, బాగు చేయించుకురమ్మని నన్ను పంపింది. ఆ పని చేసే పెద్దాయన మా మాస్టారికి సొంత అన్నగారు. ఆయన అచ్చుని తిరగేసి, బొటనవేలితో తడిమి, "ఇది మా ఇంటిదే," అన్నారు.

"ఎలా తెలిసిందండీ?"

తీగలో ఒక ఆకు చూపించారు. ఆకు ఈనెలన్నీ ఒక వైపుకి ఉంటే, ఒక్క ఈనె ఎదురు తిరిగి ఉంది. "మా తాత కాలం నుంచీ ప్రతి అచ్చులోనూ ఒక ఈనె ఎదురు తిప్పుతాం. ఎవడన్నా మాది చూసి చెక్కించుకుంటే, ఆ తప్పుతో సహా చెక్కించుకుంటాడు. గుడ్డ చూడగానే పట్టేస్తాం."

తెలివైన పనే అనుకున్నాను. నవ్వాను కూడా. తర్వాత మాటల్లో నేను వాళ్ళ తమ్ముడి దగ్గర నేర్చుకున్నానని చెప్పాను. ఆయన మొహం విప్పారింది.

"అయితే నీకూ పెట్టే ఉంటాడే గుర్తు. మావాడు ముందు చెవి మీద పెట్టించేవాడు. చెవి మీద జుట్టు పడి కనపట్టం లేదని పొట్ట మీదకి మార్చాడు."

"గుర్తు దేనికండీ?"

"పోటీల్లో పేర్లు మూసేస్తారుగా అమ్మాయ్. మరి తన పిల్లలెవరో తనకి తెలియొద్దూ?"

తమ్ముడి తెలివికి ఆయన మురిసిపోతున్నారు. నాకు ఒళ్ళంతా మండింది. ఆ మంట ఫస్టులు నావి కాకుండా పోయినందుకు కాదు, అది తర్వాత వచ్చింది. ముందు గుర్తొచ్చింది పాలకాయతిప్ప. తొమ్మిది పొట్టలు వెతికి, లేని గీత లేదని సరిగ్గా చూసి కూడా, నా కన్ను మొద్దని నన్ను నేను తిట్టుకుంటూ ఇసకలో కూర్చున్న ఆ పొద్దు. నా కన్ను ఒక్కసారి కూడా తప్పు చూడలేదు. అది మాస్టారికి తెలుసు. తెలిసే నాతో ఆ మాట అన్నారు. వాళ్ళన్నగారు గుర్తు పెట్టేది చెక్క మీద. మాస్టారి దగ్గర మూడేళ్ళూ నేనే ఒక టేకు చెక్కని.

అచ్చు అక్కడే వదిలేసి బందరు బస్సెక్కాను.

మాస్టారు మేడ మీద ఒక్కరే కూర్చుని బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుతున్నారు. పెడనలో విన్నది చెప్పాను. ఆయన బుకాయించలేదు.

"అన్నయ్య చెప్పాడా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"నాకు లేదని కనపడిందండీ. మీరు నా కన్నే బాలేదన్నారు."

"మరి ఏవనాలి? గుర్తని చెబితే చెయ్యి జంకుద్ది. దొంగ గీత దొంగ గీతలాగే పడుద్ది. నమ్మి పెడితేనే నిండుగా ఉంటది. నీ మంచికే కదా చేశాను? మూడేళ్ళూ నీకే ఇప్పించానా లేదా ఫస్టు?"

"ఇప్పించారా? నాకొచ్చిందా?"

ఆయన పెన్సిలు మొన వెలుతురుకి పెట్టి చూశారు. "రెండూనూ," అన్నారు.

ఆఖరి మాట ఒకటి అడిగాను. "పరీక్షకి వెళ్ళే ముందైనా చెప్పొచ్చు కదండీ. అక్కడ మీరు జడ్జి కాదు కదా."

బ్లేడు ఆగింది. "చెబుదామనే అనుకున్నానమ్మా. ఆ వారం మా మనవరాలి ఓణీల ఫంక్షను వచ్చింది. ఆ హడావిడిలో మర్చిపోయా."

కావాలనే చెప్పలేదని అనుంటే తిట్టి వచ్చేదాన్ని. నాన్న ఇచ్చిన ఏడాది, రోజుకి ఎనిమిది గంటలు, ఇరవై బొమ్మలు, అన్నీ కలిపి ఆయనకి ఒక ఫంక్షను హడావిడిలో జారిపోయిన సంగతి. మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే అరలో ఉన్న కప్పులేమవుతాయి? నాన్న ఇప్పటికీ, "మాస్టారు అంత కష్టపడి నేర్పితే నువ్వే నిలబెట్టుకోలేకపోయావు," అంటాడు. బస్టాండులో ఆయన కనపడితే ఎదురెళ్ళి రెండు చేతులూ జోడిస్తాడు. నేను షట్టరు లోపలికి జరిగి నిలబడతాను.

డిగ్రీ చదివాను. జిరాక్స్ షాపు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపైంది. ఇప్పుడు నా ఉద్యోగం కంప్యూటర్లో నాయకుల పొట్టలు లోపలికి నొక్కడం. పెళ్ళికొడుకుల పొట్టలకి వేరే రేటు లేదు, ఊరికే నొక్కుతాను. చేత్తో గీయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఒక ఆదివారం నాన్న బనీను విప్పి నిద్రపోతుంటే ఆయన పొట్టే గీయబోయాను. పక్కటెముకలు బాగానే వచ్చాయి. బొడ్డు దాటేసరికి కన్ను ఆ ఒక్క చోటే ఆగిపోయింది. గీత ఉందా లేదా అని వెతకడం తప్ప ఇంకేమీ చూడలేకపోయాను. చూసి గీయాల్సిన చోట నాకు ఇంక చూపు లేదు. మాస్టారు నా దగ్గర తీసుకున్నది అదే, దానికి పరిహారం ఏ కప్పులోనూ పట్టదు.

పోయినేడు ఆ పోటీలు మొవ్వలో జరిగాయి. స్థానిక కళాకారిణి అని నన్ను జడ్జిగా పిలిచారు. ఫ్లెక్సీ ఆర్డరు కోసం వచ్చినవాళ్ళు పనిలో పనిగా పిలిచారనుకోండి. మాస్టారు ఇప్పుడు జడ్జి కాదు, వయసైపోయింది. ముఖ్య అతిథిగా ముందు వరసలో కూర్చోబెట్టారు. పాఠాలు మాత్రం చెప్తూనే ఉన్నారట.

స్కూలు గదిలో బెంచీల మీద బొమ్మలు పరిచారు. నేను ఒక్కొక్కటే చూస్తూ, నచ్చినవి తీసి కుడి చేతి వైపు పెడుతున్నాను. వరి మోపు ఎత్తుకున్న మనిషి బొమ్మ ఒకటి చూడగానే మనసు తేలికైంది. ఇంటికొచ్చినట్టు అనిపించింది. తీసి అన్నిటికన్నా పైన పెట్టాను. ఇంకో నాలుగు బొమ్మలు చూశాక గానీ అనుమానం రాలేదు. వెనక్కి వెళ్ళి ఆ కాగితం మళ్ళీ చూశాను. బొడ్డు కింద, ఎడమ పక్కన ఉంది.

కోపం రావాలి కదా? ముందు వచ్చింది సంతోషం. మావాళ్ళు అనిపించింది. ఆ తర్వాతే నచ్చినవని తీసి పెట్టిన దొంతర మళ్ళీ తిరగేశాను. ఆ దొంతరలోనే ఇంకో బొమ్మ ఉంది. మోటారు బాగుచేస్తూ వంగిన మనిషి. చెయ్యి ఇంకా కుదరని పిల్లలెవరో గీశారు. కానీ పొట్ట ముడతలు మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఎవరో ఆ మనిషి పక్కన కూర్చుని కళ్ళారా చూసి గీసిన పొట్ట. ఫస్టు దానికి రావాలి. నాకు తెలుసు.

మిగతా ఇద్దరు జడ్జీలు వరి మోపు బొమ్మే బాగుందన్నారు. మీరేమంటారండీ అని నన్ను అడిగారు. బాగుందన్నాను. కాగితం మీద సంతకం పెట్టాను.

స్టేజీ మీదికి ఒక అమ్మాయి వచ్చింది. కప్పు నా చేత ఇప్పించారు. అందుకుంటూ, "మాస్టారు మీ గురించి ఎప్పుడూ చెప్తారండీ. మూడేళ్ళు వరసగా ఫస్టంట కదండీ," అంది. కింద మాస్టారు చప్పట్లు కొడుతున్నారు. "వచ్చే నెల నాకు ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్సండీ," అని కూడా అంది.

చెప్పాలంటే ఆ గీత గురించి ఒక్కటే చెప్తే సరిపోదు. చేతిలో ఉన్న కప్పు గురించి కూడా చెప్పాలి, దాన్ని ఇప్పించిన నా సంతకం గురించి చెప్పాలి. ఫొటోగ్రాఫరు ఇటు చూడండమ్మా అన్నాడు. ఇద్దరం అటు చూశాం.

"రెండు చేతులతో పట్టుకోమ్మా, జారుద్ది," అన్నాను. ఆ అమ్మాయితో నేను అన్నది ఆ ఒక్క మాటే.